ఎర్రర్ రాలేదు, జవాబు మారింది: సర్క్యూట్ మోడళ్ల మార్పిడి సాఫ్ట్‌వేర్

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఎక్కువమంది ఈసీఈ, ఈఈఈ విద్యార్థులు. వెనక కొందరు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ కనిపిస్తున్నారు. సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో లెక్కకట్టి చూపించే సిమ్యులేటర్లు చాలా ఉన్నాయి, ఎక్కువగా స్పైస్ కుటుంబానివి. ఒకదాని కోసం రాసిన మోడల్ ఫైలును ఇంకోదానికి మార్చే సాఫ్ట్‌వేర్ గురించే ఈ రోజు మాట. ట్రాన్సిస్టర్ అంటే ఏమిటో చెప్పే పని నాకు తప్పింది కాబట్టి నేరుగా ఒక ఫైల్లోకి వెళ్దాం.

మాస్‌ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్ మోడల్ ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. డాట్ మోడల్ అని మొదలవుతుంది, తర్వాత పేరు, ఎన్‌మాస్, ఆపైన ‘లెవెల్=8’, దాని కింద పేజీడు ప్యారామీటర్లు. ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేటర్‌లో లెవెల్ 8 అంటే బీసిమ్3 అనే ట్రాన్సిస్టర్ సమీకరణాల సెట్టు. పీస్పైస్‌లో అదే 8 అంటే దాని తర్వాతి తరం, బీసిమ్4. హెచ్‌స్పైస్‌లో ఈ రెండూ కావాలంటే 49, 54 అని రాయాలి. అమెరికాలోని సాండియా ల్యాబ్స్ వారి జైస్ సిమ్యులేటర్‌లో బీసిమ్3 నంబరు 9. ఒకే అంకె, ఒకచోట ఒక తరం సమీకరణాలు, ఇంకోచోట మరో తరం. పొరపాటున ఒకరి ఫైలు ఇంకొకరికి ఇస్తే సిమ్యులేటర్ గగ్గోలు పెట్టదా అంటారు మీరు. పెడితే నాకు ఈ పనే ఉండేది కాదు. (నవ్వులు) వీటీహెచ్0, కే1, కే2, యూ0 లాంటి పేర్లు రెండు మోడళ్లలోనూ ఉన్నాయి. గేటు కింది ఆక్సైడ్ మందం మాత్రం బీసిమ్3లో ‘టాక్స్’, బీసిమ్4లో ‘టాక్స్‌ఈ’. తెలియని పేరును సిమ్యులేటర్ ఒక హెచ్చరికతో సరిపెట్టి వదిలేసిందంటే, బీసిమ్4 తన డిఫాల్టు విలువ తానే వేసుకుంటుంది: 3 నానోమీటర్లు. ఫైలు రాసినవారు 7 అని రాసి ఉంటారు. సిమ్యులేషన్ నడుస్తుంది, గ్రాఫు వస్తుంది, చూడ్డానికి చక్కగానే ఉంటుంది.

ఆ చక్కటి గ్రాఫే మన శత్రువు. కామాలు, బ్రాకెట్లు, కామెంటు గుర్తులు మార్చడం ఈ సాఫ్ట్‌వేర్‌లో చిన్న పని. ఫైలు రాసినవారు చెప్పకుండా వదిలేసినవాటిని పట్టుకొని పైకి రాయించడమే పెద్ద పని. వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అని ఉంటుంది చూడండి, స్పైస్ ఫైళ్లలో ఆ ‘తగినంత’ ప్రతి పది పంక్తులకూ ఒకసారి తగులుతుంది. ఎంత తగినంతో ఆ సిమ్యులేటర్‌కే తెలుసు.

ఇన్ని మాండలికాలు ఎలా పుట్టాయో రెండు మాటల్లో చెబుతాను. 1970 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో రొనాల్డ్ రోరర్ తన తరగతి విద్యార్థులతో ఒక సిమ్యులేటర్ రాయించారు. దాని పేరు క్యాన్సర్, అవును, ఆ పేరే పెట్టారు. ఆ విద్యార్థుల్లో ఒకరైన లారెన్స్ నేగెల్, డొనాల్డ్ పెడర్సన్ దగ్గర పనిచేస్తూ దాన్ని స్పైస్‌గా మలిచారు. 1973 ఏప్రిల్‌లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో పెడర్సన్ దాన్ని లోకానికి చూపించారు. 1975లో స్పైస్2 వచ్చింది. ఫోర్‌ట్రాన్‌లో రాసింది, పంచ్ కార్డుల కాలంది. అందుకే ఇప్పటికీ మనం ‘మోడల్ కార్డు’ అంటాం, ఫైలును ‘డెక్’ అంటాం. పెడర్సన్ సోర్సు కోడును దాచుకోలేదు, అడిగినవారికల్లా ఇచ్చారు. దాంతో ప్రతి కంపెనీ తీసుకెళ్లి తనకు కావలసింది చేర్చుకుంది. 1981లో హెచ్‌స్పైస్, 1984లో పీస్పైస్, 1999లో ఎల్‌టీస్పైస్. మధ్యలో బర్క్‌లీవారే సీ భాషలో స్పైస్3 రాశారు, దాని వారసత్వమే ఎన్‌జీస్పైస్. ఎవరూ వ్యాకరణం రాసిపెట్టలేదు. ప్రోగ్రాం ఏది చదవగలిగితే అదే వ్యాకరణం.

పైపై తేడాలను తొందరగా దాటేద్దాం. పంక్తి మొదట్లో నక్షత్రం ఉంటే కామెంటు, ఇది దాదాపు అందరికీ ఒకటే. పంక్తి మధ్యలో కామెంటు రాయాలంటే పీస్పైస్‌లో సెమికోలన్, హెచ్‌స్పైస్‌లో డాలరు గుర్తు, స్పెక్టర్ అనే మరో సిమ్యులేటర్‌లో రెండు వాలుగీతలు. ఫైలు మొదటి పంక్తి ఏదైనా సరే శీర్షికే, అక్కడ రెసిస్టర్ రాసినా సిమ్యులేటర్ పట్టించుకోదు. కానీ ఇన్‌క్లూడ్ చేసిన ఫైల్లో మొదటి పంక్తికి ఈ నియమం లేదు. ఇవన్నీ ఒక వారంలో రాసేయవచ్చు.

అంకెల దగ్గరికి వస్తే కాస్త ఆగాలి. స్పైస్‌లో ‘ఎం’ అంటే మిల్లీ. పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా మిల్లీయే, ఎందుకంటే కార్డుల మీద అన్నీ పెద్ద అక్షరాలే. మెగా కావాలంటే ‘మెగ్’ అని మూడు అక్షరాలు రాయాలి. స్పెక్టర్‌లో మాత్రం పెద్ద ‘ఎం’ మెగా, చిన్న ‘ఎం’ మిల్లీ. ఒక రెసిస్టర్ వందకోట్ల రెట్లు మారిపోతుంది. పైగా స్పెక్టర్ ఫైలు మధ్యలో ‘సిమ్యులేటర్ ల్యాంగ్=స్పైస్’ అని ఒక పంక్తి రావచ్చు, అక్కడి నుంచి స్పైస్ నియమాలు వర్తిస్తాయి. మళ్లీ ఇంకో పంక్తి వస్తే పాత నియమాలు. కాబట్టి మీ పార్సర్ ఏ పంక్తిలో ఏ భాషలో ఉన్నదో గుర్తుంచుకోవాలి. ఇక మన విద్యార్థులందరికీ ఇష్టమైన కెపాసిటర్: విలువ ‘1ఎఫ్’ అని రాస్తారు, ఒక ఫారడ్ అనుకొని. ‘ఎఫ్’ అంటే ఫెమ్టో. వచ్చేది ఒక ఫెమ్టోఫారడ్. మార్చే సాఫ్ట్‌వేర్ దీన్ని ‘సరిదిద్దకూడదు’. రాసినవాడు పొరబడినా పాత సిమ్యులేటర్‌లో వచ్చిన ఫలితమే కొత్తదానిలోనూ రావాలి, పక్కన ఒక గమనిక మాత్రం పెట్టాలి.

ఇప్పుడు అసలు ముళ్లు. సమీకరణాల్లో టోపీ గుర్తు ఉంటుంది. ఎన్‌జీస్పైస్ మామూలుగా దాన్ని ఘాతం అనుకుంటుంది, 3 టోపీ 2 అంటే 9. ఎల్‌టీస్పైస్‌లో బీ-సోర్సు, అంటే విలువను సమీకరణంగా రాసే సోర్సు, అందులో అదే గుర్తు తార్కిక ఎక్స్ఆర్: రెండింటిలో ఒక్కటే నిజమైతేనే నిజం. 3ను నిజం అనుకుంటుంది, 2ను నిజం అనుకుంటుంది, రెండు నిజాల ఎక్స్ఆర్ సున్నా. తొమ్మిది వోల్టులు రావలసినచోట సున్నా. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అక్కడ ఘాతానికి రెండు నక్షత్రాలు రాయాలి. ఇంకో ఉదాహరణ, ఎక్స్‌ను వై ఘాతానికి పెంచే ‘పీడబ్ల్యూఆర్’ అనే ఫంక్షన్. పీస్పైస్‌లో అది ఎక్స్ ముందున్న ప్లస్, మైనస్ గుర్తును తీసేసి ఘాతం వేస్తుంది. హెచ్‌స్పైస్‌లో అదే పేరున్న ఫంక్షన్ ఘాతం వేశాక ఎక్స్ గుర్తును తిరిగి తగిలిస్తుంది. మైనస్ 3, 2 ఇస్తే ఒకరు 9 అంటారు, ఒకరు మైనస్ 9 అంటారు. పీస్పైస్‌లో గుర్తు నిలుపుకొనేదానికి ‘పీడబ్ల్యూఆర్ఎస్’ అని వేరే పేరుంది. ఎక్స్ ఎప్పుడూ ధనాత్మకంగా ఉండే సర్క్యూట్లలో ఈ తేడా ఏళ్ల తరబడి దాక్కుంటుంది. ఎవరో ఒకరు సప్లై తిప్పి పెట్టినరోజు బయటపడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ ఉష్ణోగ్రతది. మోడల్ ప్యారామీటర్లను ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో చెప్పే విలువ ‘టీనామ్’. ఫైల్లో రాయకపోతే బర్క్‌లీ సంప్రదాయం 27 డిగ్రీలు, హెచ్‌స్పైస్ సంప్రదాయం 25. రెండు డిగ్రీలే కదా! కాగితం మీద లెక్క వేద్దాం. ఐడియల్ డయోడ్ తీసుకుందాం, రెండు సిమ్యులేటర్లూ తమ తమ డిఫాల్టు ఉష్ణోగ్రత దగ్గరే నడుస్తున్నాయి, శాచురేషన్ కరెంటు రెండింటికీ ఒకటే. థర్మల్ వోల్టేజి 25 దగ్గర 25.69 మిల్లీవోల్టులు, 27 దగ్గర 25.86. డయోడ్ మీద 0.65 వోల్టులు పెట్టాం. 0.65ను వాటితో భాగిస్తే వచ్చే ఘాతాంకాలు 25.30, 25.13. తేడా 0.17 మాత్రమే, కానీ అది ఘాతాంకంలో ఉంది. కరెంటులో తేడా దాదాపు 18 శాతం. మోడల్ ఫైల్లో ఒక్క అక్షరం కూడా మారలేదు, 18 శాతం తేడా వచ్చింది. మార్చే సాఫ్ట్‌వేర్ చేయవలసిన పని చాలా చిన్నది: హెచ్‌స్పైస్ ఫైల్లో టీనామ్ గానీ, సిమ్యులేషన్ ఉష్ణోగ్రత గానీ కనిపించకపోతే, అవుట్‌పుట్‌లో రెండింటికీ 25 అని స్పష్టంగా రాయాలి. ఎవరూ చెప్పనిదాన్ని పైకి చెప్పడం అంటే ఇదే.

హెచ్‌స్పైస్‌లోనే ఇంకొకటి ఉంది, ‘పార్‌హియర్’ అనే ఆప్షన్. సబ్‌సర్క్యూట్, అంటే పెద్ద సర్క్యూట్‌లో ఇమిడే చిన్న సర్క్యూట్, దాని లోపల ఒక ప్యారామీటర్‌కు 1 మైక్రాన్ అని రాశారు. పై స్థాయిలో అదే పేరుతో 10 మైక్రాన్లు అని ఉంది. ఎవరి మాట చెల్లుతుంది? ప్రోగ్రామింగ్ చేసేవారెవరైనా లోపలిదే అంటారు. హెచ్‌స్పైస్ డిఫాల్టుగా పైవాడి మాటే చెల్లిస్తుంది. వెడల్పుకు ‘డబ్ల్యూ’ అని పేరు పెట్టే అలవాటు అందరికీ ఉంది కాబట్టి ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదు. ఇలాంటిదాన్ని ఎన్‌జీస్పైస్‌కు మార్చాలంటే పదాలు మారిస్తే చాలదు. మొత్తం శ్రేణిని విప్పి ఏ ప్యారామీటర్‌కు చివరికి ఏ విలువ దక్కిందో లెక్కించి, ఆ విలువ రాయాలి.

ఒక పాత మోడల్‌ను దగ్గరగా చూద్దాం, ఎందుకంటే పరీక్షల కోసం మీరందరూ దాన్ని ఎప్పుడో వాడే ఉంటారు. 741 ఆప్‌యాంప్, సిగ్నల్‌ను పెంచే చిప్. దాన్ని ట్రాన్సిస్టర్ల స్థాయిలో సిమ్యులేట్ చేస్తే ఆ కాలపు కంప్యూటర్లకు బరువయ్యేది. 1974లో బాయిల్, కోన్, పెడర్సన్, సోలమన్ ఒక పత్రం రాశారు: రెండే రెండు ట్రాన్సిస్టర్లు, కొన్ని డయోడ్లు, కొన్ని సోర్సులతో ఆప్‌యాంప్ ప్రవర్తనను పట్టుకునే మాక్రోమోడల్. తయారీదారులు ఇచ్చిన ఎన్నో ఆప్‌యాంప్ మోడళ్లు ఆ అచ్చులోనివే. వాటిలో ఒక పంక్తి ఇలా ఉంటుంది: ‘ఈజీఎన్‌డీ’, నోడ్లు 99, సున్నా, తర్వాత ‘పాలీ 2’, తర్వాత నోడ్ల జంటలు 3–0, 4–0, చివర సున్నా, అర, అర. 3, 4 అనేవి రెండు సప్లై పిన్నులు. ‘పాలీ 2’ అంటే రెండు చలరాశుల బహుపది. గుణకాల క్రమం స్థిరాంకం, మొదటి చలరాశి, రెండో చలరాశి, ఆపైన వర్గాలు, లబ్ధాలు. ఇక్కడ మూడే గుణకాలు కాబట్టి అర్థం: రెండు సప్లైల సగటు. ఆప్‌యాంప్ లోపల ఒక కృత్రిమ గ్రౌండ్ తయారైంది. దీన్ని బీ-సోర్సుగా మారిస్తే ‘0.5 ఇంటూ వీ(3) ప్లస్ 0.5 ఇంటూ వీ(4)’ అని చదవగలిగే పంక్తి వస్తుంది. నాకు ఇది చేసినప్పుడల్లా ముచ్చటేస్తుంది, గుణకాల వెనక దాక్కున్న ఆలోచన బయటికి వస్తుంది కాబట్టి.

దాని కిందే ‘ఎఫ్‌బీ’ అనే పంక్తి, ‘పాలీ 5’. ఐదు వోల్టేజి సోర్సుల గుండా పోయే కరెంట్లు, కోటి స్థాయి గుణకాలు. ఐదు పేర్ల వరుసలో ఒక్కటి అటుఇటైనా కరెంటు లిమిటు ఒకవైపు మాత్రమే పనిచేసే వింత ఆప్‌యాంప్ తయారవుతుంది. మీ కోడ్‌లో పేర్లను వరుస నిలవని కంటైనర్లో వేయకండి. ఇంకో మెలిక: ఒకే చలరాశి ఉన్న బహుపదికి ఒకే గుణకం ఇస్తే, అది స్థిరాంకం కావాలి కదా? కాదు. స్పైస్ దాన్ని మొదటి ఘాతం గుణకంగా తీసుకుంటుంది, రాసేవారికి సౌకర్యంగా ఉంటుందని. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించే ప్రోగ్రామరే ఇక్కడ బోల్తా పడతాడు.

సరే, సాఫ్ట్‌వేర్ నిర్మాణం. ఆరు ఫార్మాట్లు ఉంటే ఒక్కో జంటకు ఒక్కో మార్పిడి రాస్తే ముప్పై కావాలి. మధ్యలో ఒక ఉమ్మడి రూపం పెట్టుకుంటే ఆరు చదివేవి, ఆరు రాసేవి, పన్నెండుతో సరి. ఇది ఏ కంపైలర్ పుస్తకంలోనైనా ఉంటుంది. పుస్తకాల్లో నొక్కి చెప్పనిది ఏమిటంటే, ఆ ఉమ్మడి రూపంలో ప్రతి విలువ పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో ఉండాలి. ఫైల్లో 41వ పంక్తిలో రాసిందా, మూల సిమ్యులేటర్ డిఫాల్టా, మనం లెక్కించిందా? ఈ మూడూ వేర్వేరు. కలిపేస్తే తర్వాత ఏదీ విడదీయలేం. కామెంట్లను కూడా పారేయకండి. ‘ఈ విలువ కొలిచింది, మార్చవద్దు’ అని ఎవరో ఇంజనీరు రాసి ఉంటాడు.

అవుట్‌పుట్‌తో పాటు ఒక నివేదిక రావాలి. ఉన్నది ఉన్నట్టు మార్చినవి, దగ్గరగా మార్చినవి, మార్చలేక ఆగినవి. మూడోది ఒక్కటి ఉన్నా నేను ఫైలు రాయకుండా ప్రోగ్రాంను ఆపేస్తాను. దీని మీద నాతో వాదించేవారు చాలామంది. ‘తొంభై శాతం మార్చి ఇచ్చేయవచ్చు కదా, మిగతాది మేం చూసుకుంటాం’ అంటారు. ఎవరూ చూసుకోరు. ‘విజయవంతంగా పూర్తయింది’ అనే ఆకుపచ్చ అక్షరాలు చూశాక నివేదిక తెరిచే మనిషిని నేనింకా కలవలేదు. (నవ్వులు)

ఇలాంటి పనిముట్లు ఉన్నవి చూడండి. సాండియావారు జైస్‌తో పాటు ఎక్స్‌డీఎం అనే మార్పిడి సాఫ్ట్‌వేర్‌ను ఇస్తున్నారు, పీస్పైస్, హెచ్‌స్పైస్, స్పెక్టర్ నెట్‌లిస్టులను, అంటే సర్క్యూట్‌ను వర్ణించే ఫైళ్లను, జైస్ రూపంలోకి తెస్తుంది. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల తయారీ వివరాలను అందరికీ తెరిచినప్పుడు ఈ సమస్య పెద్దయెత్తున ఎదురైంది. ఉచిత సిమ్యులేటర్లకు పనికొచ్చేలా చేయడానికి ఓపెన్ పీడీకేస్ ప్రాజెక్టులో స్పెక్టర్ నుంచి స్పైస్‌కు మార్చే పైథాన్ స్క్రిప్టు ఉంది, చదవదగ్గది. మన దేశంలో ఐఐటీ బాంబేవారి ఫాసీ ప్రాజెక్టు నుంచి వచ్చిన ఈసిమ్ ఉంది. కైక్యాడ్‌లో గీసిన సర్క్యూట్‌ను ఎన్‌జీస్పైస్‌కు అర్థమయ్యేలా మార్చే భాగం దాని గుండెకాయ. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో లైసెన్సు ఖర్చు లేకుండా పనికొచ్చేవాటిలో ఇదొకటి. ఎన్‌జీస్పైస్ మాత్రం వేరే దారి పట్టింది. ఫైలును మార్చకుండా, ‘ఎన్‌జీబిహేవియర్’ అనే సెట్టింగు పెడితే తానే పీస్పైస్‌లా, ఎల్‌టీస్పైస్‌లా చదువుతుంది. వాడేవారికి సుఖం. కానీ మార్పు మెమరీలోనే జరిగిపోతుంది, మీ చేతిలో ఫైలు మిగలదు, రేపు ఎవరైనా ఏం మార్చారని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. నేను ఫైలు మార్చడం వైపే మొగ్గుతాను.

ట్రాన్సిస్టర్ సమీకరణాల విషయంలో కొంత వెలుగు కనిపిస్తోంది. కొత్త మోడళ్లు, బీసిమ్-సీఎంజీ లాంటివి, వెరిలాగ్-ఏ అనే మోడళ్లు రాసే భాషలో వస్తున్నాయి. ఒకప్పుడు అడ్మ్స్ అనే పనిముట్టు వెరిలాగ్-ఏను సీ కోడ్‌గా మార్చేది. ఇప్పుడు ఓపెన్‌వాఫ్ అనే కంపైలర్ దాన్ని నేరుగా లైబ్రరీగా చేస్తుంది, ఎన్‌జీస్పైస్ ఆ లైబ్రరీని నడుస్తుండగా తగిలించుకుంటుంది. సమీకరణాలు ఒకే మూలం నుంచి వస్తే లెవెల్ నంబర్ల గొడవ సగం తగ్గుతుంది. పాత మోడళ్ల గుట్ట మాత్రం అలాగే ఉంది, మన జీవితకాలంలో తరిగేలా లేదు.

ఐబిస్ అనే మరో రకం మోడల్ ఫార్మాట్ గురించి ఒక్క మాట. 1990ల మొదట్లో ఇంటెల్ చొరవతో పుట్టింది, తొలి వెర్షన్ 1993లో. చిప్ లోపలి సర్క్యూట్ చూపించకుండా, పిన్ను దగ్గరి వోల్టేజి–కరెంటు పట్టికలు మాత్రమే ఇస్తుంది. స్పైస్ నుంచి ఐబిస్‌కు మార్చడానికి నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో తయారైన ఎస్2ఐబిస్ ఉంది. ఇక్కడ తడబడే చోట్లు రెండు. పిన్నును సప్లై వైపు లాగే భాగం పుల్‌అప్, గ్రౌండ్ వైపు లాగేది పుల్‌డౌన్. పుల్‌అప్ పట్టికలో వోల్టేజిని గ్రౌండ్ నుంచి లెక్కించరు, సప్లై నుంచి కిందికి లెక్కిస్తారు. పిన్ను వోల్టేజి హద్దు దాటకుండా కాపాడే క్లాంప్ డయోడ్ల కరెంటుకు విడిగా పట్టికలు ఉంటాయి కాబట్టి దాన్ని పుల్‌అప్, పుల్‌డౌన్ పట్టికల్లోంచి తీసివేయాలి, లేకపోతే ఒకే కరెంటు రెండుసార్లు పారుతుంది.

పరీక్షించడం ఎలా? మూల ఫైలును దాని సిమ్యులేటర్‌లో, మార్చినదాన్ని కొత్తదానిలో నడిపి పోల్చాలి. మొదట డీసీ ఆపరేటింగ్ పాయింట్, అంటే సిగ్నల్ ఇవ్వకముందు సర్క్యూట్ నిలకడగా ఉండే స్థితి. అక్కడ తేడా ఉంటే ముందుకు వెళ్లడం దండగ. తర్వాత ఉష్ణోగ్రత మారుస్తూ డీసీ స్వీప్, తర్వాత ఏసీ, చివర కాలంతో మారే ట్రాన్సియెంట్. రెండు సిమ్యులేటర్లూ వేర్వేరు టైం స్టెప్పులు వేస్తాయి కాబట్టి బిందువులను నేరుగా పోల్చలేరు, ఒకే కాలపు గీతల మీదికి తెచ్చి పోల్చాలి. లెక్కలో ఎంత తేడాను సరిపెట్టుకోవాలో చెప్పే సెట్టింగు రెల్‌టాల్; దాని డిఫాల్టు 0.001, అంటే వెయ్యింట ఒక వంతు. దాంతో నడిపిన ఫలితాలు ఆరు అంకెల దాకా కలవాలని కోరడం అన్యాయం. ఆసిలేటర్ అయితే తరంగాన్ని పోల్చకండి, పీరియడ్‌ను పోల్చండి. కొద్దిపాటి తేడా వంద చక్రాల తర్వాత ఫేజును పూర్తిగా తిప్పేస్తుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: ఎన్‌క్రిప్ట్ చేసిన మోడళ్లను మార్చవచ్చా, మేడమ్?)

మార్చకూడదు. తాళం వేసినవారికి కారణం ఉంది, లైసెన్సులో మీరు సంతకం కూడా పెట్టి ఉంటారు. తయారీదారుకు రాసి మీ సిమ్యులేటర్‌కు పనికొచ్చే మోడల్ అడగండి. ఐబిస్ పుట్టడానికి ఇదీ ఒక కారణమే.

(ప్రశ్న: ఇప్పుడు ఏఐకి ఫైలు ఇస్తే మార్చి ఇచ్చేస్తోంది కదా, ఇంత శ్రమ ఎందుకమ్మా?)

కామెంట్లు, బ్రాకెట్లు చక్కగా మారుస్తుంది, నేనూ వాడతాను. ‘పీడబ్ల్యూఆర్’ను ఒకసారి సరిగ్గా, మరోసారి తప్పుగా మార్చినా రెండుసార్లూ అంతే ధీమాగా ఇస్తుంది. నేనైతే పరీక్ష సర్క్యూట్లు రాయడానికి దాన్ని పురమాయిస్తాను. మార్పిడి నియమాలను మాత్రం మాన్యువల్ పక్కన పెట్టుకొని నేనే రాస్తాను, ఒక్కో నియమానికి ఒక్కో పరీక్ష.

(ప్రశ్న: మార్చిన ఫైలును మళ్లీ వెనక్కి మార్చి చూస్తే, అసలు ఫైలుతో సరిపోతే చాలదా, మేడమ్?)

మంచి ప్రశ్న. చాలదు. వెళ్లేటప్పుడు మీ కోడ్ టోపీ గుర్తును అలాగే వదిలేసింది, వచ్చేటప్పుడూ అలాగే వదిలేసింది. రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా కలుస్తాయి, మధ్యలో ఉన్న ఎల్‌టీస్పైస్ ఫైలు మాత్రం 9 బదులు సున్నా ఇస్తూనే ఉంటుంది. వెనక్కి మార్చి చూడటం వల్ల ఏదైనా పంక్తి తప్పిపోయిందేమో తెలుస్తుంది, అంతవరకు వాడుకోండి. అర్థం చెడిందా లేదా తేలాలంటే రెండు సిమ్యులేటర్లలోనూ నడపాల్సిందే. ఆ పరీక్షలో ఇన్‌పుట్ వోల్టేజి మైనస్ వైపు కూడా వెళ్లేలా చూసుకోండి, చాలామంది సున్నా నుంచి ఐదు దాకా తిప్పి ఆపేస్తారు.